ఇంటికి ఏ స్టడీ బైబిల్ కొనాలి? – మస్కట్ నుంచి ఒక క్యాథలిక్ పాఠకుడి మాట

"అన్నా, పిల్లలకీ నాకూ కలిపి పనికొచ్చే మంచి స్టడీ బైబిల్ ఒకటి చెప్పు. మా తమ్ముడు వచ్చే నెల ఇండియా నుంచి వస్తున్నాడు, తెప్పించుకుంటా." ఏడాదికి మూడు నాలుగుసార్లయినా ఈ మాట వింటుంటాను. అడిగేవాళ్ళు ఎక్కువగా మనలాంటి ఉద్యోగస్తులే. కొందరు ఐటీలో, కొందరు ఆయిల్ కంపెనీల్లో, కొందరు ఆసుపత్రుల్లో. నేను ఫాదర్‌ని కాను, వేదాంతం చదువుకున్నవాణ్ణి అసలే కాను. అమెరికాలో ఎం.ఎస్. చేసి, ఇప్పుడు మస్కట్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్న మామూలు ఆర్‌సీఎం కుటుంబం వాణ్ణి. అయితే ఎం.ఎస్. చదివే రోజుల్లో మా యూనివర్సిటీ పక్కనున్న న్యూమన్ సెంటర్ లైబ్రరీలో రకరకాల బైబిళ్ళు పక్కపక్కన పెట్టుకుని చదివే అలవాటు ఒకటి అంటుకుంది. ఆ అలవాటు పోలేదు. ఫోన్లో ఒక్కొక్కరికీ అరగంట చెప్పే బదులు ఒకసారి రాసి పెడితే మేలని ఈ వ్యాసం.

ఈ పత్రిక చదివేవారిలో క్రైస్తవులు కానివారే ఎక్కువని నాకు తెలుసు. వారికి సంగతి సులువుగా ఇలా చెప్పవచ్చు. భగవద్గీతలో శ్లోకం అందరికీ ఒకటే. దాని కింద ఉన్నది శంకర భాష్యమా, రామానుజ భాష్యమా, తిలక్ గీతారహస్యమా అన్నదాన్నిబట్టి చదివేవాడి చేతికందే గీత మారిపోతుంది. బైబిల్ సంగతీ అంతే. కొనేటప్పుడు అందరూ "ఏ అనువాదం మంచిది?" అని అడుగుతారు. "కింద నోట్సు ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు?" అని అడిగేవాళ్ళు తక్కువ. మామూలు బైబిల్ అయితే మొదటి ప్రశ్న చాలు. స్టడీ బైబిల్ కొనేటప్పుడు మాత్రం అసలు ప్రశ్న రెండోదే.

ఒమన్‌లో ఉన్నవాళ్ళకి ఈ ప్రశ్న ఇంకాస్త ముఖ్యం. ఎందుకో చెబుతాను. దేశం మొత్తానికి క్యాథలిక్ విచారణలు నాలుగే. మస్కట్‌లో రువిలోని సెయింట్స్ పీటర్ అండ్ పాల్, ఘలాలోని హోలీ స్పిరిట్, సోహార్‌లో సెయింట్ ఆంథనీ, సలాలాలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్. ఇవన్నీ అబుదాబి కేంద్రంగా పనిచేసే దక్షిణ అరేబియా అపోస్తలిక్ వికారియేట్ కిందికి వస్తాయి. 2022 నుంచి దాని బాధ్యత బిషప్ పావొలో మార్టినెల్లి గారిది. ప్రభుత్వం ఇక్కడి క్రైస్తవులతో మర్యాదగానే ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో ఒమన్‌కీ వాటికన్‌కీ పూర్తిస్థాయి దౌత్య సంబంధాలు కూడా ఏర్పడ్డాయి. సెలవులు శుక్ర, శనివారాలు కాబట్టి జనం ఎక్కువగా వచ్చేది శుక్రవారం పూజకి. చదివేది ఆదివారపు పఠనాలే. ఇంగ్లీషు, మలయాళం, కొంకణి, తమిళం, తగలాగ్... ఒక గుంపు బయటికొస్తుంటే ఇంకో గుంపు లోపలికి వెళుతూ ఉంటుంది. ఆ రద్దీలో ఫాదర్ గారిని ఆపి "మొదటి పఠనంలో ఆ మాట అర్థం కాలేదండీ" అని అడిగే వీలు ఎంతమందికి ఉంటుంది? నిజ్వా, సూర్ వైపు పనిచేసేవాళ్ళకి చర్చికి రావడమే ఒక ప్రయాణం. దుక్మ్‌లో ఉన్నవాళ్ళకి మస్కట్ ఐదు వందల కిలోమీటర్ల పైమాటే.

మన ఊళ్ళో అయితే ఉపదేశి గారు ఉంటారు, సిస్టర్లు ఉంటారు, సాయంత్రం ఏదో ఒక ఇంట్లో ప్రార్థన ఉంటుంది. ఇక్కడ సామూహిక ఆరాధన ప్రభుత్వం అనుమతించిన ప్రాంగణాల్లోనే జరగాలి. ఇల్లిల్లూ తిరిగి కూటాలు పెట్టుకునే పద్ధతి లేదు. కాబట్టి రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో నలుగురూ కూర్చుని పది నిమిషాలు బైబిల్ తెరిస్తే, ఆ గదిలో ఉండే గురువు పేజీ అడుగునున్న నోట్సు ఒక్కటే. ఆ గురువు ఎవరో చూసి ఎంచుకోవాలని నేను పట్టుబట్టేది అందుకే.

ముందు పుస్తకాల లెక్క చూద్దాం

క్యాథలిక్ బైబిల్‌లో 73 గ్రంథాలు. పాత నిబంధనలో 46, కొత్త నిబంధనలో 27. ప్రొటెస్టెంటు బైబిల్‌లో 66. కొత్త నిబంధన ఇద్దరికీ ఒకటే. తేడా అంతా పాత నిబంధనలో ఉంది. తోబీతు, యూదితు, మక్కబీయుల రెండు గ్రంథాలు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా జ్ఞానగ్రంథం, బారూకు, ఈ ఏడూ 66లో ఉండవు. ఎస్తేరు, దానియేలు గ్రంథాల్లో కొన్ని భాగాలు కూడా ఉండవు.

దీని చరిత్ర పెద్దది, రెండు ముక్కల్లో ముగిస్తాను. క్రీస్తుకు ముందే గ్రీకు మాట్లాడే యూదుల కోసం తయారైన సెప్టువజింట్ అనే గ్రీకు అనువాదంలో ఈ గ్రంథాలు ఉన్నాయి. తొలి క్రైస్తవులు చదివింది ఎక్కువగా దాన్నే. 16వ శతాబ్దంలో లూథర్ వీటిని విడదీసి వేరే భాగంగా పెట్టాడు. 1546లో ట్రెంట్ మహాసభ వీటితో కలిపిన పట్టికనే క్యాథలిక్కులకు ఖాయం చేసింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో కూడా ఇవి మధ్యలో వేరే భాగంగా అచ్చయ్యాయన్నది చాలామందికి తెలియదు. 1820లలో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ వీటి ముద్రణకు డబ్బు ఇవ్వడం మానుకున్నాక, బైబిల్ సొసైటీల బైబిళ్ళలో 66 గ్రంథాలుండటమే మామూలైపోయింది. మన ఇళ్ళలో నల్ల అట్టతో కనిపించే తెలుగు బైబిల్‌ది కూడా ఆ సంప్రదాయమే.

"ఏడు చిన్న పుస్తకాలే కదా, లేకపోతే ఏం?" అని ఒకాయన నన్ను అడిగారు. తోబీతు ఒక్కటి చదివి చెప్పండి అన్నాను. మీకూ అదే చెబుతాను.

తోబీతు నఫ్తాలి గోత్రం వాడు. అస్సీరియా వాళ్ళు పట్టుకుపోతే నీనెవె నగరంలో స్థిరపడ్డాడు. అక్కడ షల్మనేసెరు రాజుకి సరుకులు కొనిపెట్టే ఉద్యోగం. ఇప్పటి మాటల్లో ప్రొక్యూర్‌మెంట్ మేనేజర్ అనుకోండి. ఉద్యోగం మీద మాదియ దేశానికి పోయి వస్తూ, అక్కడి రాగెసు పట్టణంలో తెలిసినవాడి దగ్గర పది తలాంతుల వెండి దాచుకున్నాడు. రాజు మారాడు, దారులు చెడ్డాయి, డబ్బు అక్కడే చిక్కుకుపోయింది. రాజు చంపించి పారవేయించిన తనవాళ్ళ శవాలను దొంగచాటుగా పూడ్చిపెట్టినందుకు తోబీతు ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. తర్వాత చూపు కూడా పోయింది. భార్య అన్నా నేతపని చేసి ఇల్లు నడిపింది. ఇద్దరికీ మాటామాటా పెరిగిన సన్నివేశం కూడా ఉంది, మన ఇళ్ళలో జరిగినట్టే ఉంటుంది. చివరికి కొడుకు తోబియాని ఆ డబ్బు తెమ్మని పంపుతారు. తోడుగా కుదిరినవాడు రఫాయేలు దేవదూత అని వాళ్ళకి తెలియదు. ఇంటి కుక్క కూడా వెంట నడుస్తుంది.

గల్ఫ్‌లో పదేళ్ళు గడిపిన తెలుగువాడికి ఇందులో పరాయి మాట ఏముంది? దూరదేశంలో ఉద్యోగం, అక్కడ చిక్కుకుపోయిన డబ్బు, ఇంట్లో ముసలి తల్లిదండ్రులు, ప్రయాణమైపోయిన కొడుకు. లేబర్ క్యాంపులో చనిపోయిన మనిషిని సొంత ఊరికి పంపడానికి ఆఫీసుకు సెలవు పెట్టి ఎంబసీ కాగితాల కోసం తిరిగేవాళ్ళని మనందరం ఎరుగుదుం. వాళ్ళు చేసే పనే తోబీతు చేశాడు. బైబిల్ మొత్తంలో ప్రవాస కుటుంబాన్ని ఇంత దగ్గరగా చూపించే కథ ఇంకొకటి నాకు కనబడలేదు. 66 గ్రంథాల స్టడీ బైబిల్ కొన్నవాళ్ళ ఇంట్లో ఈ కథ ఉండదు. దాని మీద నోట్సూ ఉండదు.

ఇక నోట్సు చేసే పని ఏమిటో కూడా ఈ గ్రంథంతోనే చూపించవచ్చు. కథలో రాగెసు నుంచి ఎక్బాతానాకి రెండు రోజుల నడక అని ఉంటుంది. రాగెసు అంటే ఇప్పటి టెహ్రాన్ పక్కనున్న రే, ఎక్బాతానా అంటే హమదాన్. మధ్య దూరం మూడు వందల కిలోమీటర్ల దాకా ఉంటుంది. అలెగ్జాండర్ సైన్యానికే పదకొండు రోజులు పట్టిన దారి. పదో తరగతి పిల్లవాడు ఫోనులో మ్యాప్ తెరిచి "ఇదేంటి డాడీ, తప్పు కదా" అంటాడు. మంచి స్టడీ బైబిల్ ఆ ప్రశ్నని దాచిపెట్టదు. ఆ దూరం లెక్క ఫలానా అని చెబుతుంది. క్రీస్తుకు సుమారు రెండు వందల ఏళ్ళ ముందు రాసిన ఈ గ్రంథం రోజువారీ చరిత్ర పుస్తకంలా కాక నీతికథ పద్ధతిలో నడుస్తుందని వివరిస్తుంది. 1952లో కుమ్రాన్ గుహలో దొరికిన చుట్టల్లో దీని అరమాయిక్, హెబ్రూ ముక్కలు కూడా ఉన్నాయని కలుపుతుంది. నోట్సు లేని బైబిల్ పట్టుకున్న తండ్రి "నోరు మూసుకుని చదువు" అనాల్సి వస్తుంది. పిల్లవాడు నోరూ మూసుకుంటాడు, పుస్తకమూ మూసేస్తాడు.

పేరు ఒకటే, పుస్తకం వేరు

ఇప్పుడు ఎక్కువమంది తడబడే చోటు. ఇండియాలో ఇంగ్లీషు పూజలకు చాలా ఏళ్ళపాటు 1966 నాటి జెరూసలెం బైబిల్ పాఠం వాడారు. (అన్నట్టు, అందులో యోనా గ్రంథం అనువాదంలో 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్ చెయ్యి ఉంది.) 2020 ఏప్రిల్ నుంచి ఇ.ఎస్.వి. క్యాథలిక్ ఎడిషన్‌కి మారారు. ఆ ఎడిషన్‌ని 2018లో బెంగుళూరులోని ఏషియన్ ట్రేడింగ్ కార్పొరేషన్ అచ్చువేసింది. 73 గ్రంథాలూ ఉంటాయి. "మన చర్చిలో చదివేది ఇ.ఎస్.వి." అని విన్న ఒక మిత్రుడు ఆన్‌లైన్‌లో వెతికి, బొమ్మలు, మ్యాపులు చూసి ముచ్చటపడి ఇ.ఎస్.వి. స్టడీ బైబిల్ తెప్పించుకున్నాడు. అది 2008లో వచ్చిన ప్రొటెస్టెంటు స్టడీ బైబిల్. దాని పాఠకుల కోసం అది శ్రద్ధగా చేసిన పుస్తకమే, అందులో సందేహం లేదు. కానీ గ్రంథాలు 66, నోట్సు సంస్కరణవాద సంప్రదాయంలోనివి. మా మిత్రుడి కూతురు జ్ఞానోపదేశం క్లాసులో సీరా గ్రంథం తీయమంటే తెల్లమొహం వేసింది. ఎన్.ఐ.వి. స్టడీ బైబిల్ కూడా ప్రొటెస్టెంటు పాఠకులకోసం చేసినదే. దానిలోనూ 66 గ్రంథాలే.

దీనికి తిరుగులేని పరీక్ష ఒకటుంది. పేరు పేజీ తిప్పితే వెనకవైపు 'నిహిల్ ఒబ్‌స్టాట్', 'ఇంప్రిమాటూర్' అనే లాటిన్ మాటలు, ఒక బిషప్ గారి పేరో, బిషప్‌ల సమాఖ్య పేరో ఉంటాయి. మొదటి మాటకి అర్థం అడ్డేమీ లేదని, రెండోదానికి అచ్చువేయవచ్చని. 1983 నాటి చర్చి చట్టంలో 825వ నియమం ప్రకారం బైబిల్ అనువాదాలకు పోపు గారి కార్యాలయం గానీ బిషప్‌ల సమాఖ్య గానీ ఆమోదం ఇవ్వాలి, తగినంత వివరణలు కూడా జతచేయాలి. అంటే నోట్సు ఉండటం మనకి అలంకారం కాదు, నియమం. 1965 నాటి వాటికన్ మహాసభ పత్రం 'దేయి వెర్బుమ్' ఇంకో అడుగు వేసి, క్రైస్తవేతరులకు కూడా పనికొచ్చేలా తగిన నోట్సుతో ప్రతులు తయారుచేయమంది.

ఆ మాటని మన దేశంలో అక్షరాలా చేసి చూపించబోయి చిక్కుల్లో పడిన ఉదంతం ఒకటుంది. 2008లో ముంబై సెయింట్ పాల్స్ వాళ్ళు 'న్యూ కమ్యూనిటీ బైబిల్' తెచ్చారు. నోట్సులో ఉపనిషత్తులు, గీత, గాంధీ, టాగూర్ ప్రస్తావనలు. బొమ్మల్లో మరియమ్మ చీరలో, యోసేపు తలపాగాతో కనిపిస్తారు. కొందరు ఎంతో మెచ్చుకున్నారు, కొందరు మండిపడ్డారు. చివరికి దాన్ని ఆపి, సవరించి 2011లో మళ్ళీ తెచ్చారు. గొడవంతా పాఠం మీద కాదు, నోట్సు మీద, బొమ్మల మీద. నోట్సుకి ఎంత బలముందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. చీర కట్టిన మరియమ్మ మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. గుణదల కొండెక్కే మన అమ్మలకి కూడా ఉండదనుకుంటాను.

కొనేముందు నాలుగు టెస్ట్ కేసులు

మా వృత్తిలో కొత్త సాఫ్ట్‌వేర్ కొనేముందు బ్రోషర్ చదవం, నాలుగు టెస్ట్ కేసులు వేసి చూస్తాం. బైబిల్‌కీ అదే చేయండి. నేను తీసే చోట్లు ఇవి: ఆదికాండం మొదటి అధ్యాయం, యెషయా 7:14, మత్తయి 16:18, రెండో మక్కబీయులు 12. సృష్టి, కన్య గర్భం, పేతురు స్థానం, చనిపోయినవారి కోసం ప్రార్థన. ఈ నాలుగు చోట్ల నోట్సు చదివితే ఆ పుస్తకం మనస్తత్వం తెలిసిపోతుంది.

అన్నిటికన్నా రసవత్తరమైనది యెషయా 7:14. హెబ్రూలో ఉన్న 'అల్మా' అనే మాటకి పెళ్ళీడుకొచ్చిన పడుచు అని అర్థం. సెప్టువజింట్ గ్రీకులో దాన్ని 'పార్థెనోస్' అన్నారు, అంటే కన్య. మత్తయి సువార్త మొదటి అధ్యాయం గ్రీకు మాటనే తీసుకుంది. ఇప్పుడు అనువాదకుడు ఏ మాట పెట్టాలి? అమెరికా బిషప్‌ల 1970 నాటి న్యూ అమెరికన్ బైబిల్ 'కన్య' అంది. 2011లో వచ్చిన దాని సవరించిన రూపం, ఎన్.ఏ.బి.ఆర్.ఇ., 'యువతి' అని పెట్టింది. దీనికి సరిగ్గా ఎదురుగా, 1966 నాటి ఆర్.ఎస్.వి. క్యాథలిక్ ఎడిషన్‌లో 'యువతి' ఉంటే 2006 నాటి రెండో క్యాథలిక్ ఎడిషన్‌లో 'కన్య' వచ్చింది. రెండూ బిషప్‌ల ఆమోదం ఉన్నవే. నోట్సు చదవనివాడికి చర్చి మాట మార్చిందనిపిస్తుంది. నోట్సు చదివినవాడికి హెబ్రూ మాట ఒకటి, గ్రీకు మాట ఒకటి, విశ్వాసం రెండింటినీ ఎలా కలిపి చదువుతుందో అర్థమవుతుంది. నా దృష్టిలో ఇక్కడ రెండు మాటల్నీ చెప్పి కారణం వివరించేదే మంచి నోటు. ఒకటి దాచేది ఎంత భక్తిగా రాసినా మంచిది కాదు.

ఇంకా ఏదీ కొనకముందే ఈ పరీక్ష సగం ఉచితంగా చేసుకోవచ్చు. ఎన్.ఏ.బి.ఆర్.ఇ. పాఠం, దాని నోట్సుతో సహా అమెరికా క్యాథలిక్ బిషప్‌ల సమాఖ్య వెబ్‌సైట్‌లో చదువుకోవచ్చు. వచ్చే శుక్రవారం పఠనాలు అందులో చూడండి. నోట్సు పొడిపొడిగా, కాలేజీ పాఠంలా అనిపిస్తే మీకు ఇంకో రకం కావాలన్నమాట.

ఇక పేర్లు చెబుతాను

ఇగ్నేషియస్ క్యాథలిక్ స్టడీ బైబిల్: స్కాట్ హాన్, కర్టిస్ మిచ్ నోట్సు రాశారు. పాఠం ఆర్.ఎస్.వి. రెండో క్యాథలిక్ ఎడిషన్. స్కాట్ హాన్ ఒకప్పుడు ప్రెస్బిటేరియన్ పాస్టరు, 1986లో క్యాథలిక్ అయ్యాడు. అందుకే కాబోలు, ప్రొటెస్టెంటు మిత్రులు అడిగే ప్రశ్నలు ముందే ఊహించి జవాబు రాసినట్టుంటుంది. విడివిడి పుస్తకాలుగా మొదలై, 2010లో కొత్త నిబంధన ఒక సంపుటంగా, 2024లో మొత్తం బైబిల్ ఒకే సంపుటంగా వచ్చింది. పాత నిబంధన సంఘటనకీ కొత్త నిబంధనకీ లింకు, చర్చి పితరుల మాట, సత్యోపదేశ గ్రంథంలోని పేరా నంబరు, ముఖ్యమైన హెబ్రూ, గ్రీకు మాటల మీద చిన్న వ్యాసాలు, అన్నీ అదే పేజీలో దొరుకుతాయి. చరిత్ర ప్రశ్నలు వచ్చినచోట సంప్రదాయం వైపే కాస్త మొగ్గుతుంది. పూర్తి సంపుటం రెండు వేల పేజీలు దాటింది. ఒళ్ళో పెట్టుకుని చదివే పుస్తకం కాదు, బల్ల కావాలి.

ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ క్యాథలిక్ స్టడీ బైబిల్: 1990లో మొదటిది, 2006లో రెండోది, 2016లో మూడో ముద్రణ. పాఠం ఎన్.ఏ.బి.ఆర్.ఇ., నోట్సూ దానివే. వీటికి అదనంగా ముందు కొన్ని వందల పేజీల రీడింగ్ గైడ్ ఉంది. ఒక్కో గ్రంథం ఎప్పుడు, ఎవరి మధ్య, ఏ పరిస్థితిలో పుట్టిందో నిదానంగా చెబుతారు. నేను న్యూమన్ సెంటర్‌లో మొదట చేతిలోకి తీసుకున్నది ఇదే. ఇంజనీర్ బుర్రకి ఇది బాగా ఎక్కుతుంది, "ఈ కోడ్ ఎవరు రాశారు, ఏ వెర్షన్‌లో కలిసింది" అన్నట్టుంటుంది. ఆదికాండంలో వేర్వేరు మూల సంప్రదాయాలు కలిశాయన్న మాట మొహమాటం లేకుండా ఉంటుంది. అయితే రాత్రి పది నిమిషాల కుటుంబ పఠనానికి ఇది సరిపడదు. ప్రార్థన కోసం తెరిచినవాడికి పరిశోధన ఎదురవుతుంది.

డిడాకె బైబిల్ నోట్సంతా సత్యోపదేశ గ్రంథం మీద అల్లినది. పిల్లలకి జ్ఞానోపదేశం చెప్పే టీచర్లకి చక్కగా ఉపయోగపడుతుంది. లిటిల్ రాక్ క్యాథలిక్ స్టడీ బైబిల్ 2011లో వచ్చింది, భాష తేలిక, వివరణలు చిన్న చిన్న పెట్టెల్లో ఉంటాయి. క్రిస్టియన్ కమ్యూనిటీ బైబిల్ మన దేశంలో చాలామంది క్యాథలిక్ ఇళ్ళలో ఉన్నదే. చిలీలో పనిచేసిన ఫ్రెంచి ఫాదర్ బెర్నార్డో ఉరో పేద పల్లెల విశ్వాసుల కోసం స్పానిష్‌లో మొదలుపెట్టిన పని అది. ఇంగ్లీషు రూపం 1988లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చింది. నోట్సు ప్రసంగంలా, మనసుకి తగిలేలా ఉంటాయి. కొన్ని ముద్రణల్లో పాత నిబంధన గ్రంథాల వరస వేరుగా ఉంటుంది, కంగారు పడకండి. వర్డ్ ఆన్ ఫైర్ సంపుటాలు 2020 నుంచి వస్తున్నాయి. చిత్రాలు, వ్యాసాలు కళ్ళు చెదిరేలా ఉంటాయి, కానీ ఒక్కొక్క భాగం ఒక్కొక్క సంపుటం. రోజువారీ వాడుకకన్నా బహుమతికి బాగుంటుంది.

"ఇంతకీ ఒక్కటే కొనాలంటే?" అంటారు కదా. ఇంట్లో బైబిల్ అలవాటు ఇప్పుడే మొదలవుతుంటే ఇగ్నేషియస్ కొత్త నిబంధన సంపుటం ఒక్కటి తీసుకుని ఒక సువార్త పూర్తిచేయండి. అలవాటు నిలబడితే అప్పుడు పూర్తి సంపుటం. మీ ఇంట్లో పెద్ద పిల్లలు "ఇది నిజంగా జరిగిందా?" అనే వయసులో ఉంటే దాని పక్కన ఆక్స్‌ఫర్డ్‌ది కూడా ఉంచండి. ఒకే నోట్సు చదివి పెరిగిన పిల్లవాడు కాలేజీలో మొదటి ప్రశ్నకే కంగారు పడతాడు. రెండు రకాలు చూసినవాడికి క్యాథలిక్ సంప్రదాయంలోనే ఇంత చోటుందని తెలుస్తుంది.

అమ్మానాన్నల సంగతి

విజిట్ వీసా మీద వచ్చే పెద్దవాళ్ళకి ఈ ఇంగ్లీషు పుస్తకాలేవీ పనికిరావు. వాళ్ళకి 73 గ్రంథాల తెలుగు క్యాథలిక్ అనువాదం ఉంది. సికింద్రాబాద్ అమృతవాణిలో గానీ, మీ మేత్రాసనం పుస్తకాల దుకాణంలో గానీ అడగండి. అక్షరాల సైజు చూసి మరీ కొనండి. పాఠం చాలు, వివరణ కూడా కావాలంటే తెలుగులో మనకున్న పెద్ద నిధి జెస్విట్ ఫాదర్ పూదోట జోజయ్య గారి బైబులు భాష్య సంపుటాలు. శైలి తేట తెలుగు, విషయం లోతు. పంక్తి పంక్తికీ ఫుట్‌నోటు కాదు, ఒక్కో అంశం మీద వ్యాసాల్లా ఉంటాయి. తెలుగు వికీసోర్స్‌లో 'బైబులు భాష్య సంపుటావళి' పేరుతో ఉచితంగా చదువుకోవచ్చు. టాబ్లెట్‌లో అక్షరాలు పెద్దవి చేసి ఇస్తే మా నాన్నగారు మధ్యాహ్నం నిద్ర కూడా మానేసి చదివారు.

తాతగారు తెలుగులో, మనవడు ఇంగ్లీషులో ఒకే వాక్యం తీయాలంటే నంబర్లు కొన్నిచోట్ల కలవవు. ఎన్.ఏ.బి.ఆర్.ఇ.లో యోవేలు గ్రంథానికి నాలుగు అధ్యాయాలు, ఆర్.ఎస్.వి.లో మూడు. మలాకీకి ఎన్.ఏ.బి.ఆర్.ఇ.లో మూడు, ఆర్.ఎస్.వి.లో నాలుగు. పాఠం ఏమీ తగ్గలేదు, విరిచిన చోటు వేరు, అంతే. పాత డూయే రైమ్స్ బైబిల్‌లో అయితే అందరికీ తెలిసిన 23వ కీర్తన 22వదిగా కనిపిస్తుంది.

తెప్పించుకునే విషయంలో ఒక మాట. మీ ఇంటికి ఒక కాపీ సామానులో తెచ్చుకోవడం వేరు, పది ఇళ్ళకి కలిపి అట్టపెట్టెలో తెప్పించడం వేరు. ఇక్కడ మతసంస్థలు మతగ్రంథాలు దిగుమతి చేసుకోవాలంటే ముందుగా ఔకాఫ్, మతవ్యవహారాల మంత్రిత్వ శాఖకి తెలియజేయాలి. కాబట్టి గుంపుగా కావాలంటే మీ విచారణ కార్యాలయానికే చెప్పండి, వాళ్ళకి పద్ధతి తెలుసు. బయటివారికి పంచడం, మతప్రచారం చేయడం ఇక్కడ చట్టవిరుద్ధమని గుర్తుంచుకోండి.

ఒక్క కాపీయే అయితే వచ్చే తమ్ముడితోనో, బావమరిదితోనో తెప్పించుకోండి. కాగితం ఉల్లిపొరలా ఉంటుంది, కాబట్టి చేతిసంచిలో పెట్టుకోమనండి. పెద్ద సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన మాత్రం పెట్టవద్దని గట్టిగా చెప్పండి.